సినిమా నీడలో మరుగుపడిన తెలుగు లలితగీతములు

మస్కి గుట్టమీది బండపై అశోకుని శాసనము రెండువేల రెండువందల ఏండ్లకు పైగా నిలిచియున్నది. పశువుల కాపరులును, కట్టెలకై వచ్చువారును దాని ప్రక్కనుండియే నడచిపోయిరి. 1915లో బంగారు గనుల పనిమీద తిరుగుచుండిన బీడన్ అను ఇంజనీరు దానిని గుర్తించెను. అంతకు ముందు దొరకిన శాసనములలో 'దేవానాంప్రియుడు', 'ప్రియదర్శి' అను బిరుదములతో మాత్రమే కనబడిన రాజు 'అశోకుడు' అను సొంతపేరుతో తొలిసారి ఇచ్చటనే కనబడెను. శాసనము మరుగున లేదు. దాని పేరు మాత్రమే మరుగున నుండెను.

తెలుగు పాటలలో ఒక పెద్ద భాగమున కిట్టి స్థితియే పట్టినది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో ఎనుబదియేండ్ల వృద్ధురాలు బియ్యము చెరుగుచు ఒక పాట కూనిరాగము తీయును. అది ఏ పాటయని మనుమలు అడిగినచో 'ఏదో పాత సినిమాపాట' యను సమాధానము వచ్చును. అది పెక్కుసార్లు సినిమాపాట కాదు. ఏ సినిమాలోను లేని పాట. ఒకనాడు గ్రామఫోను రికార్డుగా వెలువడినదో, ఆకాశవాణిలో వినబడినదో అయి, పిదప తన పుట్టుక చెప్పుకొనుటకు సాక్ష్యము లేక సినిమా ఖాతాలో చేరిపోయిన పాట. అట్టి పాటలను గూర్చియే ఈ వ్యాసము.

ఇంగ్లండు, అమెరికా దేశములలో శాస్త్రీయ సంగీతము కానిదియు, పల్లెపదము కానిదియు, ఒక కవియో గాయకుడో మూడు నాలుగు నిమిషములకు సరిపడునట్లు కట్టినదియు అగు పాటను 'పాప్' అందురు. అందు విద్యుత్ గిటారు, డప్పుల మోతతో ఉద్ధతముగ నడచుదానిని 'రాక్' అందురు. (మస్కివారికి రాక్ అనగా బండయే తోచుట సహజము; కాని ఆ సంగీతపు పేరులో ఆ మాటకు ఊగుట యని యర్థము.) ఆ దేశములలో పాటకు సినిమా ఆధారము కాదు. పాట తన కాళ్లమీద తాను నిలిచి, రికార్డుగా అమ్ముడుపోయి, గాయకునికి పేరు తెచ్చును. తెలుగున దీనికి దగ్గరి వస్తువు లలితగీతము. లలితగీతముకూడ 1930 మొదలు 1960 వరకు కొంతకాలము తన కాళ్లమీద నిలిచినదే. ఈ సంగతి నేటి యువకులకు వింతగా తోచవచ్చును.

ఆ పాటల ఆకారమును నిర్ణయించినది కవులు కారు, యంత్రము. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల లక్క రికార్డు ఒక్కొక వైపు సుమారు మూడు నిమిషములే పట్టును. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను పట్టినప్పుడు, ఆ మైనపు పలకలను జర్మనీలోని హానోవరునకు పంపి అచ్చు వేయించవలసి వచ్చినది. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. 1925 ప్రాంతమున మైక్రోఫోను వచ్చుటతో మరియొక మార్పు కలిగినది. అంతకు ముందు గాయకుడు గొట్టములోనికి గట్టిగ అరచినగాని సూది గీయలేదు. కావుననే తొలి రికార్డులలో నాటకపు పద్యములు, బిగ్గరగొంతులు రాజ్యమేలినవి. మైక్రోఫోను ముందు మెల్లగ పలుకవచ్చును, ఊపిరి వినబడవచ్చును. 'లలిత' మను మాటకు శబ్దరీత్యా చోటు దొరకినది అప్పుడే. మూడు నిమిషములలో ఒక పల్లవి, రెండు మూడు చరణములు, నడుమ వేణువో వయొలినో పలుకు చిన్న వాద్యఖండము. ఈ కొలత యంత్రము విధించినదే యైనను, భావకవులకు సరిగ్గా నప్పినది. ఖండకావ్యపు బిగువు తెలిసిన చేతికి మూడు నిమిషములు తక్కువ కాదు.

కవిత్వము అప్పటికే సిద్ధముగ నుండెను. నండూరి సుబ్బారావుగారి యెంకిపాటలు 1925లో పుస్తకముగ వెలువడినవి. బసవరాజు అప్పారావుగారు 1933లో పరమపదించునప్పటికి పెక్కు గేయములు విడిచిరి. ఆయన గాంధీమహాత్ముని గూర్చి వ్రాసిన గేయమును పిదప 1938లో 'మాలపిల్ల' చిత్రము తీసికొన్నది. అనగా సినిమాయే కొన్నిసార్లు లలితగీతమునుండి అప్పు తెచ్చుకొన్నది గాని, అన్నివేళల లలితగీతము సినిమానుండి తెచ్చుకొనలేదు. కొనకళ్ల వెంకటరత్నముగారి బంగారిమామ పాటలును ఈ వరుసలోనివే. వానిలో నొకదానిని ఘంటసాలగారు రికార్డునకు పాడగా ఊరూర మ్రోగినది. పాట నెరిగినవారు వేలమంది యున్నను కొనకళ్లవారి పేరు నెరిగినవారు నేడు పదుగురైనను దొరకుట కష్టము. సినిమాలతో సంబంధము లేని ఇట్టి రికార్డులను అంగడివారు 'ప్రైవేటు రికార్డులు' అనిరి. ఆ పేరే వానికి కొంత చేటు చేసినదేమో! ఇంటిగుట్టు వంటి పాటలని ధ్వనించు పేరది.

తెలుగు మాటలచిత్రము 1932లో 'భక్తప్రహ్లాద'తో వచ్చినది. తరువాతి ఇరువదియేండ్లు సినిమాపాటయు ప్రైవేటుపాటయు ప్రక్కప్రక్కనే నడచినవి. రెండింటిని పాడినవారు ఒక్కరే, వాయించినవారు ఒక్కరే. తేడా పిదప వచ్చినది. సినిమాపాటకు వేయి గోడపత్రికలు, వంద టెంటు హాళ్లు తోడు. ప్రైవేటుపాటకు రేడియో యొక్కటియే తోడు. మదరాసు రేడియో కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను వెలసినవి. రాయచూరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. హైదరాబాదున 1935లో ఆరంభమైన దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో విలీనమైనది.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి చెప్పవలసియున్నది. 1952లో కేంద్రప్రభుత్వపు సమాచార ప్రసారశాఖ మంత్రిగా వచ్చిన బి. వి. కేస్కరు సినిమాపాటల నభిమానించువారు కారు. ఆయన కాలమున ఆకాశవాణిలో సినిమాపాటలు దాదాపు మూగవోయినవి. ఆ ఖాళీని నింపుటకై కేంద్రములలో లలితసంగీత విభాగము లేర్పడినవి. కవులకు, స్వరకర్తలకు జీతమిచ్చి సినిమాకు సంబంధము లేని పాటలు కట్టించు ఏర్పాటు ఈ దేశమున అంతటి విరివిగ మరి యెన్నడును జరుగలేదు. శ్రోతలు మాత్రము సూది త్రిప్పి రేడియో సిలోను పట్టుకొనిరి. చివరకు 1957లో వివిధభారతి నెలకొల్పి ఆకాశవాణియే సినిమాపాటలకు మరల తలుపు తీయవలసి వచ్చినది. కేస్కరుగారి పట్టుదల జనుల అభిరుచిని మార్చలేదు. అయినను ఆ కొద్ది యేండ్లలో పుట్టిన పాటలు లెక్కకు మిక్కిలి. పొరబాటు విధానమునుండి మంచి పంట వచ్చుట కిది ఒక నిదర్శనము.

ఇక పాటల లోనికి పోవుదము. ఎవ్వరైన తొలిసారి వినదలచినచో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గార్ల జంటపాటలతో ప్రారంభించుట మేలు. సాలూరివారు (1922–1999) 1935లో బాలకృష్ణుని వేషముతో సినిమాలోనికి వచ్చిరి. పిదప కలకత్తా వెళ్లి, అచ్చటి పంకజ్ మల్లిక్ మొదలగువారి పాటకట్టు పద్ధతులను దగ్గర నుండి చూచిరి. 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' చిత్రముల సంగీతదర్శకులుగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని ఆ చిత్రములకు ముందే, స్వయముగ తానే పాడిన లలితగీతములలో ఆయన విద్య యంతయు నున్నది. 'పాట పాడుమా కృష్ణా' అను గీతమును వినుడు. గొంతును ఎచ్చటను బిగింపక, ఒక్క మాటనైన రాగమునకై విరువక, మాట విరిగిన చోటనే స్వరమును విరుచుట అందు కనబడును. బాలసరస్వతీదేవిగారితో కలసి పాడిన 'కోపమేల రాధా' లో మరియొక అందమున్నది. ఇద్దరును వాదులాడుకొనుచున్నట్లుండును గాని, వాద్యములు మాత్రము మొదటినుండి రాజీకి వచ్చినట్లే వాయించుచుండును. ఈ చమత్కారము సినిమాలో పెట్టినచో నటీనటుల ముఖములు చూచుటలో పోయెడిది.

బాలసరస్వతీదేవిగారు 'భాగ్యలక్ష్మి' (1943)లో తెరవెనుక పాడి, తెలుగున తొలి నేపథ్యగాయనిగా చెప్పబడిరి. 1944లో వివాహమైన పిమ్మట ఆమె సినిమాలకు పాడుట తగ్గినది. అందుచేత తరువాతి తరము ఆమెను సినిమాల ద్వారమున ఎరుగదు. ఆమె కంఠము కోమలమే కాని బలహీనము కాదు. 'ళ'కార 'ణ'కారములను ఆమె పలికినంత స్పష్టముగ పలుకువారు ఈనాటి గాయకులలో అరుదు. తెలుగు ఇంటిలో మాత్రమే వినుచు, బడిలో మరియొక భాష చదువుకొను పిల్లలకు ఈ ఒక్క కారణము చేతనైనను ఆమె పాటలు వినిపింపదగును.

బాలాంత్రపు రజనీకాంతరావుగారిది (1920–2018) వేరొక త్రోవ. ఆయన కవి, స్వరకర్త, గాయకుడు, రేడియో అధికారి, పరిశోధకుడు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. వాగ్గేయకారులను గూర్చి వ్రాసిన ఈయన తానును వాగ్గేయకారుడే యని జనులు గుర్తించుటకు చాల కాలము పట్టినది. 1941లో మదరాసు రేడియోలో చేరుటచే, సినిమాలకు పనిచేసినప్పుడు సొంతపేరు పెట్టుకొను వీలు లేక మారుపేరులతో పనిచేసిరి. 1945 నాటి 'స్వర్గసీమ'లో భానుమతిగారు పాడిన పావురపు పాట ఆయన చేతిదే. దానికి ప్రేరణ 1941లో వచ్చిన 'బ్లడ్ అండ్ శాండ్' అను హాలీవుడ్ చిత్రములోని స్పానిషు ఛాయగల పాట. పాశ్చాత్యపు బాణీని తెలుగు పలుకుబడిలో ఇమిడ్చి, అతుకు కనబడకుండ చేయుట అంత సులభము కాదు. రాక్, పాప్ సంగీతమును నేడు తెలుగులోనికి తెచ్చుకొనువారు అచ్చట మొదలుపెట్టి నేర్వవలసినది చాల కలదు. రజనిగారి లలితగీతములు 'శతపత్రసుందరి' అను సంపుటముగ వెలువడినవి. వానిని చదువుటకంటె వినుటయే యుక్తము. కాని వినుటకు దొరకునవి చదువుటకు దొరకువానికంటె తక్కువ. ఆ కాలపు ప్రసారములు పెక్కు నేరుగ పాడి వినిపించినవే గాని ముద్రించి దాచినవి కావు. గాలిలో పుట్టి గాలిలో కలసినవి.

స్వాతంత్ర్యోదయ దినములలో రజనిగారి 'మాదీ స్వతంత్రదేశం' పాటను జనులకు చేర్చిన కంఠము టంగుటూరి సూర్యకుమారిగారిది (1925–2005). ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి సోదరుని కుమార్తె. ఒక మరుగుపడిన పాట ఎట్లు బ్రతికి బయటపడునో తెలియుటకు ఆమె కథయే మంచి దృష్టాంతము. శంకరంబాడి సుందరాచారిగారు (1914–1977) 'దీనబంధు' (1942) చిత్రముకొరకు ఒక గీతము వ్రాసిరి. చిత్రమువారు దానిని వాడుకొనలేదు. అంతటితో ఆ కాగితము చెత్తబుట్టను చేరవలసినది. సూర్యకుమారిగారు దానిని గ్రామఫోను రికార్డుగా పాడిరి. అదియే 'మా తెలుగుతల్లికి'. బడులలో ప్రార్థనాగీతమై, పిదప ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది. సినిమా త్రోసివేసిన పాటను ఒక ప్రైవేటు రికార్డు నిలిపినది. ఆ రికార్డే లేకున్నచో ఆ పాటయు వందలకొలది తక్కిన పాటలవలె కవి సంచిలోనే యుండెడిది. సూర్యకుమారిగారు 1961లో న్యూయార్కున రవీంద్రుని 'రాజా' నాటకపు ఇంగ్లీషు ప్రదర్శనలో రాణి వేషము ధరించి విమర్శకుల బహుమానము నందిరి. తరువాత లండనున స్థిరపడి అచ్చటివారికి భారతీయ నృత్యసంగీతములు నేర్పిరి. ఒక్క పాట కొండంతయై తక్కినవానిని కప్పివేసినది. ఆమె రికార్డులలో ఆ ఒక్కదానిని విడిచి తక్కినవానిని వెదకువారికి లాభము కలుగును.

వింజమూరి సోదరీమణులు అనసూయా సీతలు కాకినాడ ప్రాంతమునుండి వచ్చి, మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గీతములను, పల్లెల పాటలను ఒక్క వేదికమీద పాడిరి. కృష్ణశాస్త్రిగారి ప్రసిద్ధ దేశభక్తి గీతము 'జయ జయ ప్రియ భారత' కు వరుస కట్టినది అనసూయాదేవిగారే (1920–2019). ఆమె కడపటి దినములు అమెరికాలోని హ్యూస్టనులో గడచినవి. తెలుగువారు ఎచ్చటికి పోయినను కొంత సంగీతము వెంట పోయినదని చెప్పుట కిది చాలును. ఎం. ఎస్. రామారావుగారి (1921–1992) సంగతి విచారకరము. తెలుగు సుందరకాండ గాయకునిగా ఆయన ఇంటింటి దేవుని అరలో నున్నారు. ఆ భక్తిరికార్డుల పెంపు ఆయన పూర్వపు లలితగీతములను, ముఖ్యముగ తాజ్‌మహలును గూర్చిన గంభీరమైన పాటను, పూర్తిగ కప్పివేసినది. ఘంటసాలగారి 'పుష్పవిలాపము' ఎల్లరు నెరిగినదే. ఆయన తానే వ్రాసి పాడిన 'బహుదూరపు బాటసారి' అంతగ వినబడదు. అందలి కవిత్వము గొప్పదని చెప్పలేము. గొంతులోని ఒంటరితనము మాత్రము ఆయన సినిమాపాటలలో పెక్కింట లేనిది.

పాలగుమ్మి విశ్వనాథముగారిని (1919–2012) గూర్చి కొంత విరివిగ చెప్పవలసియున్నది. ఈ ప్రాంతపు తెలుగువారికి ఆయన పాట ఒకటి మిక్కిలి దగ్గరిది. హైదరాబాదు ఆకాశవాణిలో ఆయన తానే వ్రాసి తానే స్వరపరచిన పాటలు అనేకములు. తల్లి బిడ్డతో మాటాడుచున్నట్లుండు 'అమ్మదొంగా' పాటను వేదవతీ ప్రభాకర్‌గారు పాడిరి. పెండ్లికావలసిన కూతురును చూచుచు తల్లి పొందు దిగులును లాలిపాట తీరున చెప్పినది. 'మా ఊరు ఒక్కసారి' అను పాట విడిచివచ్చిన పల్లెను మరల చూడవలెనను కోరిక. ఈ కోరికకు మస్కి, సింధనూరు, మాన్వి సీమలలో వేరొక లోతు కలదు. తుంగభద్ర ఆనకట్టనుండి 1953లో నీరు విడిచిన పిమ్మట ఎడమకాలువ క్రింద సాగునకై కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి రైతుకుటుంబములు వచ్చి 'క్యాంపులు' కట్టుకొన్నవి. వచ్చినవారికి ఆ పాటలోని ఊరు తెనాలి ప్రక్కదో, భీమవరము ప్రక్కదో అయియుండెను. వారి మనుమలకు ఊరనగా ఈ క్యాంపే. ఒకే పాటను ఒకే ఇంటిలో తాత ఒక ఊరిని తలంచుకొనుచు, మనుమడు మరియొక ఊరిని తలంచుకొనుచు వినును. ఇటీవల హైదరాబాదునకు చెందిన 'చౌరస్తా' యను యువబృందము గిటారు, డప్పులతో పట్టణము విడిచి ఊరికి పోవుదునను పాట కట్టినది. బాణీ వేరు, వాద్యములు వేరు, కాలము వేరు. పాలగుమ్మివారి పాటయు ఆ పాటయు వెంటవెంట వినిపించినచో పిల్లలకు పాత పాటమీది భయము వదలును.

మరుగుపడుట తెలుగు పాటలకే పట్టిన దురదృష్టము కాదు. అమెరికాలోని డెట్రాయిటు నగరమున రోడ్రిగెజ్ అను గాయకుడు 1970, 1971లలో రెండు రికార్డులు చేసెను. స్వదేశమున ఎవ్వరును కొనలేదు. ఆయన కూలిపనిలో దిగెను. ఆ రికార్డులు ఎట్లో దక్షిణాఫ్రికాకు చేరగా, వర్ణభేదపాలనలో మ్రగ్గుచుండిన అచ్చటి యువకులు వానిని కంఠస్థము చేసిరి. ఆయన చనిపోయెననియే నమ్మిరి. 1990ల చివర అభిమానులు వెదకి పట్టి పిలిపింపగా, 1998లో ఆ దేశమున నిండిన సభలలో పాడెను. ఈ కథను చెప్పిన చిత్రమునకు 2013లో ఆస్కారు బహుమానము వచ్చినది. ఇంగ్లండులో నిక్ డ్రేక్ మూడు రికార్డులు చేసి, అవి కొద్ది వేలకు మించి అమ్ముడుపోక, 1974లో ఇరువదియారవ యేట మరణించెను. పాతికేండ్ల పిమ్మట ఒక కారు ప్రకటనలో ఆయన పాట వాడుటతో లోకమంతయు వెదకసాగినది. బెంగాలీ గాయని రూపా బిశ్వాస్ కెనడాలో పాడగా 1982లో మన దేశమున వెలువడిన 'డిస్కో జాజ్' రికార్డుకూడ అమ్ముడుపోలేదు. దశాబ్దముల తరువాత ఇంటర్నెట్టులో ఎవరో చేర్చగా లక్షలమంది వినిరి. 2019లో అమెరికాలో మరల ముద్రించిరి. ఈ మూడింటను పాటను బ్రదికించినది విమర్శకుడు కాడు, సంగీతసంస్థ కాదు. ఎవరి ఇంటనో విరుగక మిగిలిన ఒక రికార్డు.

దూరదేశముల మాట యెందుకు? మస్కివారికి కన్నడదేశపు దృష్టాంతము ఇంటిముందరనే యున్నది. ఈ రాయచూరు సీమ విజయదాసులు పుట్టిన చీకలపర్వికిని, జగన్నాథదాసుల మాన్వికిని నిలయము. పాటను కవిపేరుతో, అంకితముతో గుర్తుంచుకొను అలవాటు ఈ నేలలోనే యున్నది. తెలుగున లలితగీతమందుమో, కన్నడమున అదియే భావగీతము, సుగమసంగీతము. పి. కాళింగరావుగారు (1914–1981) మొదలుపెట్టిన దానిని మైసూరు అనంతస్వామి, సి. అశ్వత్థగార్లు పెంచిరి. 1978లో కె. ఎస్. నిసార్ అహమద్‌గారి కవితలతో 'నిత్యోత్సవ' క్యాసెట్టు వెలువడినది మొదలు, కన్నడ కవుల పేరులు పెండ్లిపందిళ్లలోను వినబడుచున్నవి. కన్నడ పిల్లవానిని ఒక భావగీతము ఎవరిదని అడిగినచో, కవి పేరు చెప్పును. తెలుగు పిల్లవాడు గాయకుని పేరు చెప్పును, లేక నటుని పేరు చెప్పును. తెలుగున కవులు తక్కువయి కాదు, గాయకులు తక్కువయి కాదు. క్యాసెట్టు వచ్చిన ఆ తరుణమున తెలుగు లలితగీతములను కవిపేరుతో కూర్చి, బడికిని ఇంటికిని అందించు పని ఆ స్థాయిలో జరుగలేదు. సినిమా పరిశ్రమ అంతటి బలముగ నుండుటయే ఇందుకు ముఖ్యకారణమని తోచును. గెలిచినవాని నీడ సహజముగనే పొడవు.

ఈ నష్టము రాష్ట్రములోని తెలుగువారికంటె వెలుపలివారికి ఎక్కువ తగులును. విజయవాడ పిల్లవానికి తెలుగు బజారులో దొరకును, బస్సు పలకమీద దొరకును, వార్తాపత్రికలో దొరకును. మస్కి పిల్లవానికి బడియందు కన్నడము, బజారునందు కన్నడము, ఫోనునందు సినిమా. తెలుగు వినబడునది ఇంటిలోను, తెరమీదను. తెరమీది తెలుగు పోరాటములకును పరిహాసములకును పనికివచ్చు తెలుగు. ఎండ, వాన, పంట, తల్లి, ఎడబాటు, సందెవేళ అను వానిని గూర్చి నిదానముగ మాటాడు తెలుగు ఎచ్చట వినవలెను? పాఠ్యపుస్తకమున నున్నది, కాని పుస్తకము పలుకదు. లిపి చదువరాని పిల్లవానికి మూడు నిమిషముల పాట నోటికి వచ్చును, నోటికి వచ్చినదాని అక్షరములు కంటికి త్వరగ తెలియును. కన్నడ లిపియు తెలుగు లిపియు అక్కచెల్లెండ్రవంటివి గావున, పాట సాహిత్యమును రెండు లిపులలో ఎదురెదురుగ వ్రాసి చూపినచో, కన్నడము చదువగల పిల్లవాడు వారము దినములలో తెలుగు పంక్తిని పోల్చుకొనును.

వెదకు పద్ధతిని గూర్చి రెండు మాటలు. యూట్యూబున 'లలితగీతము' అని వెదకినచో ఇటీవలి పోటీలలోని పిల్లల పాటలే ముందు వచ్చును. గాయకుని పేరును తెలుగు లిపిలో కొట్టి, వెంట 'ప్రైవేటు పాట' అనియో 'ఆకాశవాణి' అనియో చేర్చిన మేలు. కనబడిన పాట క్రింద కవిపేరు లేకున్నను, తప్పుగనున్నను ఆశ్చర్యపడవలదు. వినువారు సరిదిద్ది వ్రాయవచ్చును.

ఇండ్లలో పాత రికార్డులున్నవారు కొంత జాగ్రత్త పడవలెను. 78 చుట్ల రికార్డు లక్కతో చేసినది. స్పిరిటుతోగాని, స్పిరిటు కలసిన మందుతోగాని తుడిచినచో లక్క కరగి పాట చెరిగిపోవును. మెత్తని పొడిగుడ్డయే చాలును. ఉక్కుసూదిని వైపు వైపునకు మార్చుట ఆనాటి నియమము. అరిగిన సూదితో వాయించినచో ప్రతిసారియు గాడి చెడును. కావున ఉబుసుపోకకు వాయింపక, తగిన యంత్రమున్నవారిచేత ఒక్కసారి ప్రతి తీయించుట మేలు. అటకమీద పరుండబెట్టి దొంతరలుగ పేర్చినచో అడుగువి విరుగును, నిలువుగ నుంచవలెను. నడిమి కాగితమును ఫోనుతో ఫొటో తీసి యుంచుట మరువరాదు. అందలి అంకెలే పాట జన్మపత్రిక. ఏ సంస్థదో, ఏ యేడు వెలువడినదో పరిశోధకులు వానినిబట్టియే తేల్తురు. క్యాసెట్లు ఎండకును, స్పీకరులోని అయస్కాంతమునకును దూరముగ నుండవలెను.

రికార్డులకంటె ముందుగ పట్టుకొనవలసినవి గొంతులు. 1950, 1960లలో కాలువ నీటి వెంబడి పడుచువయసున వచ్చినవారు నేడు ఎనుబదియో తొంబదియో ఏండ్లవారు. రేడియోలో నేరుగ వచ్చి, ముద్రణ లేక పోయిన పాటలు కొన్ని వారి నోటనే మిగిలియున్నవి. నాట్లపాటలును, కోలాటపు పాటలును అట్లే. రాగము పూర్తిగ లేకున్నను, చరణము సగమే గుర్తున్నను ఫోనులో పట్టవచ్చును. పాటకు ముందు పాడువారి పేరు, పుట్టిన ఊరు, ఈ ఊరికి వచ్చిన సంవత్సరము, ఆ పాట ఎచ్చట ఎవరివలన నేర్చినది వారి నోటనే చెప్పించవలెను. పాట నడుమ దగ్గు వచ్చినను, ప్రక్క గదిలో గిన్నెలు చప్పుడైనను ఆపి మరల పాడింపవలసిన పనిలేదు. వృద్ధులు రెండవసారి పాడినప్పుడు తరచుగ ఒక చరణము మరతురు.